అక్కర్లేనివి రాకుండా బ్లాక్ లిస్టులు: ఎక్కడ పెట్టాలి, అడ్డం తిరిగితే ఎలా విప్పాలి

ముత్తుకూరు దగ్గర చెరువు గట్టు మీద నిలబడి రొయ్యల 100 కౌంట్ రేటు చూద్దామని ఫోన్ తీస్తే ముందు రమ్మీ ప్రకటన వస్తుంది. పొదలకూరులో నిమ్మకాయల ధర వెతుకుతుంటే "మీ ఫోన్‌లో వైరస్ ఉంది" అంటూ స్క్రీనంతా ఎర్రగా నిండిపోతుంది. ఒంగోలులో పదో తరగతి పిల్లాడు మోడల్ పేపర్ కోసం ఒక సైట్ తెరిస్తే నాలుగు డౌన్‌లోడ్ బటన్లు కనపడతాయి, అందులో మూడు దొంగవి. వీటిలో చాలా వాటిని పైసా ఖర్చు లేకుండా ఆపొచ్చు. ఆపేది బ్లాక్ లిస్టు.

బ్లాక్ లిస్టంటే పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ కాదు. ఆపాల్సిన సైట్ల పేర్లు లైనుకొకటి చొప్పున రాసిపెట్టిన టెక్స్ట్ ఫైలు. మనం ఒక పేజీ తెరిస్తే ఫోన్ ఆ ఒక్క చోటుకే పోదు. ప్రకటనల కంపెనీలకు, మనం ఏం చూస్తున్నామో లెక్క రాసుకునే ట్రాకర్లకు, ఇంకా ఎన్నో చోట్లకు చాటున కబురు పోతుంది. ఆ పేర్లలో లిస్టులో ఉన్నది తగిలితే ఫోన్ అక్కడికి వెళ్లడం మానేస్తుంది. ప్రకటన రాదు, పేజీ త్వరగా తెరుచుకుంటుంది, డేటా మిగులుతుంది. ఎక్కువమంది వాడే ఈజీలిస్ట్ అనే లిస్టు 2005 నుంచి నడుస్తోంది.

దొరికిన ప్రతి లిస్టూ ఎక్కించేస్తే కాపలా గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. లిస్టు ఏ చోట పెట్టారు, అవసరమైంది ఆగిపోతే ఎంత తొందరగా విప్పగలరు, ఈ రెండే చూసుకోవాలి. కాలువ తూము దగ్గర నీళ్లు కట్టేస్తే ఆయకట్టు మొత్తానికి ఆగుతాయి, మడవ దగ్గర కట్టేస్తే ఆ ఒక్క మడికే ఆగుతాయి. సైట్ పేర్లకు నంబర్లు చెప్పే డీఎన్‌ఎస్‌లో పెట్టే లిస్టు తూము దగ్గరది, బ్రౌజర్‌లో పెట్టేది మడవ దగ్గరది. చాలా ఇళ్లకు రెండూ కావాలి.

ముందు నోటిఫికేషన్ల సంగతి

లిస్టుల జోలికి పోకముందు ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ ఒకసారి చేతిలోకి తీసుకోండి. "లాటరీ తగిలింది", "ఫోన్ క్లీన్ చెయ్యండి" అంటూ గంటగంటకూ మోగే వాటిలో చాలా భాగం మామూలు ప్రకటనలు కావు. ఎప్పుడో ఏదో సైట్‌లో అడ్డం వచ్చిన పెట్టెలో "అలౌ" నొక్కేశారు, ఆ అనుమతితో వస్తున్నాయి. ఇవి గూగుల్ నోటిఫికేషన్ సర్వర్ల మీదుగా వస్తాయి కాబట్టి డీఎన్‌ఎస్ లిస్టుకు చిక్కవు. ఆ సర్వర్లనే ఆపితే బ్యాంకు నోటిఫికేషన్లూ ఆగిపోతాయి.

క్రోమ్‌లో మూడు చుక్కలు, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అక్కడ అనుమతి ఉన్న సైట్ల పేర్లు వరసగా ఉంటాయి. తెలియని ప్రతి పేరూ తీసేయండి. పైన ఉన్న స్విచ్ కూడా ఆపేస్తే ఇక ముందు ఏ సైటూ అడగదు. బ్యాంకు, వాట్సాప్ యాప్‌ల నోటిఫికేషన్లకు దీనివల్ల ఏమీ కాదు, వాటి అనుమతులు వేరు. రెండు నిమిషాల పని. పెద్దవాళ్ల ఫోన్లలో సగం బాధ ఇక్కడే తీరిపోవడం మామూలు.

ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్

సైట్ పేరు చెబితే దాని నంబరు చెప్పే డైరెక్టరీ లాంటి వ్యవస్థ డీఎన్‌ఎస్. కొన్ని డీఎన్‌ఎస్ సంస్థలు బ్లాక్ లిస్టును తమ దగ్గరే పెట్టుకుని, లిస్టులో ఉన్న పేరు అడిగితే నంబరు చెప్పవు. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి దీనికి ఫోన్‌లోనే చోటుంది. ఏ యాప్ వేసుకోవాల్సిన పని లేదు. వైఫైలో ఉన్నా సిమ్ డేటాలో ఉన్నా ఇది పనిచేస్తుంది, అందుకే మొదట దీన్నే చెయ్యమంటాం.

సెట్టింగ్స్ తెరిచి, పైన ఉన్న వెతికే పెట్టెలో "ప్రైవేట్ డీఎన్‌ఎస్" అని ఇంగ్లిషులో కొట్టండి. శాంసంగ్‌లో కనెక్షన్స్ లోపల మోర్ కనెక్షన్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. మిగతా కంపెనీలు ఒక్కొక్కరు ఒక్కో చోట పెట్టారు, వెతుక్కోవడమే తేలిక. తెరిచాక ఆఫ్, ఆటోమేటిక్, ప్రొవైడర్ పేరు అని మూడు కనపడతాయి. మూడోది ఎంచుకుని కింద చెప్పిన పేర్లలో ఒకటి ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో టైపు చెయ్యాలి. "డాట్" అన్న చోట చుక్క పెట్టాలి, అడ్డగీత ఉన్న చోట అడ్డగీతే పెట్టాలి.

పెద్దల సైట్లు, వైరస్ సైట్లు ఆగితే చాలనుకుంటే: ఫ్యామిలీ డాట్ క్లౌడ్‌ఫ్లేర్-డీఎన్‌ఎస్ డాట్ కామ్. ఇది ప్రకటనలను ఆపదు.

ప్రకటనలు, ట్రాకర్లు ఆగాలంటే: డీఎన్‌ఎస్ డాట్ యాడ్‌గార్డ్-డీఎన్‌ఎస్ డాట్ కామ్. గేముల్లో వచ్చే ప్రకటనలు కూడా దీంతో చాలా తగ్గుతాయి.

రెండూ కావాలి, ఫోన్ పిల్లల చేతికి పోతుందంటే: ఫ్యామిలీ డాట్ యాడ్‌గార్డ్-డీఎన్‌ఎస్ డాట్ కామ్. ఇది వెతుకులాటలో సేఫ్ సెర్చ్‌ను కూడా తప్పనిసరి చేస్తుంది.

ఇక్కడ జరిగే తప్పులు దాదాపు అందరి దగ్గరా ఒకటే. పేరు బదులు 1.1.1.3 లాంటి నంబరు కొడతారు, అది సేవ్ కాదు. ఆ పెట్టె పేరునే తీసుకుంటుంది, నంబర్లు రౌటర్‌కి, అంటే ఇంట్లో వైఫై బాక్సుకి. ముందు "హెచ్‌టీటీపీఎస్" అతికిస్తారు, లేదా కీబోర్డు తనంతట తాను పేరు చివర ఖాళీ వదులుతుంది. సేవ్ బటన్ వెలగకపోతే చివరి అక్షరం తర్వాత ఒకసారి చెరిపి చూడండి. ఇంకోటి, ఫోన్‌లో వీపీఎన్ యాప్ (మన ఇంటర్నెట్‌ను వేరే సర్వర్ మీదుగా మళ్లించేది) నడుస్తుంటే ప్రైవేట్ డీఎన్‌ఎస్ పక్కకు పోవచ్చు. పిల్లల ఫోన్‌లో ఉచిత వీపీఎన్ కనపడితే మీరు పెట్టిన లిస్టు పనిచెయ్యడం లేదేమో చూసుకోవాలి.

పనిచేస్తోందో లేదో తెలుసుకోవడం తేలిక. క్లౌడ్‌ఫ్లేర్ పెట్టినవాళ్లు మాల్‌వేర్ డాట్ టెస్ట్‌కేటగరీ డాట్ కామ్ తెరవాలి. అది పరీక్ష కోసమే పెట్టిన పేజీ, దాంట్లో ప్రమాదమేమీ లేదు. తెరుచుకోకపోతే లిస్టు పనిచేస్తున్నట్టు. యాడ్‌గార్డ్ పెట్టినవాళ్లు ప్రకటనలు ఎక్కువగా వచ్చే ఉచిత గేమ్ ఏదైనా తెరిచి చూస్తే తెలిసిపోతుంది.

ఐఫోన్‌లో ఈ పెట్టె లేదు. సెట్టింగ్స్‌లో స్క్రీన్ టైమ్, అందులో కంటెంట్ అండ్ ప్రైవసీ రెస్ట్రిక్షన్స్‌కి పోయి పెద్దల సైట్లు పరిమితం చేసేది ఎంచుకుంటే, కింద "ఎప్పుడూ అనుమతించొద్దు" అని సొంత లిస్టు రాసుకునే చోటు వస్తుంది. పాస్‌కోడ్ పెట్టడం మరవొద్దు.

బెట్టింగ్ సైట్లకు ఇవి చాలవు

ఈ విషయం గట్టిగా చెప్పాలి. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఐపీఎల్ రోజులొస్తే ఇళ్లు గుల్లవుతున్నాయి. ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్, బెట్టింగ్‌ను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. అయినా సైట్లు పేరు మార్చుకుని వస్తూనే ఉంటాయి. "ఫ్యామిలీ" అని పేరున్న డీఎన్‌ఎస్ పెట్టాం కదా, బెట్టింగ్ కూడా ఆగుతుందని నమ్మితే మోసపోతారు. క్లౌడ్‌ఫ్లేర్ ఫ్యామిలీ ఆపేది వైరస్ సైట్లను, పెద్దల సైట్లను. బెట్టింగ్ ఆ వర్గంలోకి రాదు.

దీనికి వర్గాలవారీగా ఎంచుకునే డీఎన్‌ఎస్ కావాలి. నెక్స్ట్‌డీఎన్‌ఎస్ అలాంటిది. ఈమెయిల్‌తో ఖాతా తెరిస్తే ఆరు అక్షరాల ఐడీ ఒకటి ఇస్తారు. ఆ ఐడీ, దాని వెనక డాట్ డీఎన్‌ఎస్ డాట్ నెక్స్ట్‌డీఎన్‌ఎస్ డాట్ ఐఓ కలిపి ప్రైవేట్ డీఎన్‌ఎస్ పెట్టెలో పెట్టాలి. తర్వాత సైట్‌లోకి పోయి:

1. పేరెంటల్ కంట్రోల్ పేజీలో గ్యాంబ్లింగ్ వర్గం చేర్చండి.
2. అదే పేజీలో తప్పించుకునే దారులను మూసే స్విచ్ వేయండి. చాలా వీపీఎన్, ప్రాక్సీ పేర్లు దాంతో ఆగుతాయి.
3. సెక్యూరిటీ పేజీలో కొత్తగా రిజిస్టరైన పేర్లను ఆపే స్విచ్ వేయండి. 30 రోజుల లోపు పుట్టిన సైట్లన్నీ దీంతో ఆగుతాయి.
4. ప్రైవసీ పేజీలో మొదట ఉన్న ఒక్క లిస్టు చాలు. వేరేవి చేర్చకండి.

మూడోదే అన్నిటికన్నా పదునైనది. వారానికో పేరు మార్చే సైట్‌ను ఏ లిస్టూ వెంటపడి పట్టుకోలేదు. లిస్టులోకి పేరు ఎక్కేసరికి వాళ్లు ఇంకో పేరుతో దిగుతారు. వయసు చూసి ఆపితే ఆ పరుగు అక్కర్లేదు. దొంగ లోన్ యాప్‌ల పేజీలు, నకిలీ కరెంటు బిల్లు పేజీలు కూడా ఎక్కువగా ఈ వయసువే. దీని నష్టం ఒకటుంది: ఊళ్లో ఎవరో నిజంగానే కొత్తగా దుకాణం సైట్ పెడితే అది కూడా నెలరోజులు తెరుచుకోదు. దాన్ని అనుమతి లిస్టులో చేర్చుకోవాలి.

నెక్స్ట్‌డీఎన్‌ఎస్ ఉచితంగా నెలకు 3,00,000 ప్రశ్నల వరకు ఇస్తుంది, అంటే రోజుకు 10,000. ఒకరిద్దరి ఫోన్లకు సరిపోతుంది. నాలుగైదు ఫోన్లు, స్మార్ట్ టీవీ కలిపితే నెలాఖరుకు ముందే అయిపోవచ్చు. అయిపోయాక ఇంటర్నెట్ ఆగదు, వడపోత ఒక్కటే ఆగుతుంది. ఎవరికీ తెలియకుండా కాపలా పోతుంది కాబట్టి నెల మధ్యలో ఒకసారి లెక్క చూసుకోవాలి. లాగ్స్‌లో ఎవరు ఏ సైట్‌కి పోయిందీ కనపడుతుంది. పెద్దవాళ్ల ఫోన్ అయితే వాళ్లకు చెప్పి పెట్టండి. చూడాల్సిన పని లేకపోతే లాగ్ ఆపేయండి.

ఇంట్లో బాక్సులో పెట్టాలంటే

ఏపీ ఫైబర్‌నెట్ కానీ ఇంకో కంపెనీ కానీ, ఇంట్లో వైఫై బాక్సు ఉంటే అందులోనే డీఎన్‌ఎస్ మార్చొచ్చు. అప్పుడు టీవీకి, పాత ఫోన్లకు, కంప్యూటర్‌కు అన్నిటికీ ఒకేసారి వర్తిస్తుంది. బ్రౌజర్‌లో 192.168.1.1 కొడితే చాలా బాక్సుల లోపలి పేజీ వస్తుంది. రాకపోతే బాక్సు కింద అంటించిన స్టిక్కర్ మీద నంబరు ఉంటుంది. పాస్‌వర్డ్ చాలాసార్లు కేబుల్ ఆపరేటర్ దగ్గరే ఉంటుంది. "డీహెచ్‌సీపీలో డీఎన్‌ఎస్ మార్చాలన్నా" అని అడిగితే వాళ్లకు అర్థమవుతుంది. డీహెచ్‌సీపీ అంటే ఇంట్లోని ఫోన్లకు, టీవీకి నంబర్లు పంచే అమరిక. కొన్ని బాక్సుల్లో అది కంపెనీ తాళంలో ఉంటుంది. అప్పుడు వదిలేసి ఫోన్‌లోనే పెట్టుకోండి.

ల్యాన్ పేజీలో డీహెచ్‌సీపీ దగ్గర ప్రైమరీ, సెకండరీ అని రెండు పెట్టెలుంటాయి. యాడ్‌గార్డ్ ఫ్యామిలీకి 94.140.14.15, 94.140.15.16. క్లౌడ్‌ఫ్లేర్ ఫ్యామిలీకి 1.1.1.3, 1.0.0.3. రెండు పెట్టెల్లోనూ ఒకే సంస్థవి పెట్టాలి. ప్రైమరీలో వడపోత ఉన్నది, సెకండరీలో "ఎందుకైనా మంచిదని" వడపోత లేని గూగుల్ డీఎన్‌ఎస్ 8.8.8.8 పెడితే మొత్తం పని చెడుతుంది. మొదటిది పనిచెయ్యనప్పుడే రెండోదానికి పోవాలని నియమమేమీ లేదు, ఫోన్ దేన్నయినా అడుగుతుంది. "ఒకసారి ఆగుతోంది, ఒకసారి వస్తోంది" అనే ఫిర్యాదుకు కారణం చాలావరకు ఇదే.

రెండో కారణం ఐపీవీ6, అంటే ఇంటర్నెట్ నంబర్లలో కొత్త పద్ధతి. బాక్సు ఐపీవీ6 కూడా ఇస్తుంటే దానికి వేరే డీఎన్‌ఎస్ ఉంటుంది, ఫోన్ ఆ దారిన పోతుంది. అక్కడ కూడా అదే సంస్థ ఐపీవీ6 నంబర్లు పెట్టండి, కుదరకపోతే ఐపీవీ6 ఆపేయండి. మార్చాక ప్రతి ఫోన్‌లో వైఫై ఆపి మళ్లీ వేస్తేనే కొత్తది తీసుకుంటుంది. ఆపరేటర్ ఎప్పుడైనా బాక్సు రీసెట్ చేస్తే ఇవన్నీ పోతాయి, కాబట్టి నంబర్లు కాగితం మీద రాసి బాక్సు పక్కనే అంటించండి. ఇక పిల్లాడు వైఫై ఆపి సిమ్ డేటా వేసుకుంటే బాక్సులోని లిస్టు ఏమీ చెయ్యలేదు. అందుకే ఫోన్‌లో పెట్టడం మొదట, బాక్సులో పెట్టడం తర్వాత.

బ్రౌజర్‌లో యూబ్లాక్ ఆరిజిన్

డీఎన్‌ఎస్ చూసేది సైట్ పేరు మాత్రమే. పేజీలో ఏముందో దానికి తెలియదు. వార్తల సైట్ తన సొంత పేరుతోనే ప్రకటన పెడితే, చదివే వార్త మీద వీడియో పెట్టె తేలుతూ ఉంటే డీఎన్‌ఎస్ ఏమీ చెయ్యలేదు. అక్కడ బ్రౌజర్ లిస్టు కావాలి.

ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కు అదనంగా తగిలించే సాధనాలు) పనిచెయ్యవు. ప్లే స్టోర్ నుంచి ఫైర్‌ఫాక్స్ వేసుకుని, మెనూలో ఎక్స్‌టెన్షన్స్‌కి పోయి యూబ్లాక్ ఆరిజిన్ చేర్చండి. ప్రకటనలు ఆపడానికి రేమండ్ హిల్ రాసిన ఉచిత సాధనం ఇది. పేరులో "యూబ్లాక్" ఉన్నవి వేరేవి కూడా ఉన్నాయి, "ఆరిజిన్" ఉందో లేదో చూసుకోవాలి. కంప్యూటర్ క్రోమ్‌లో ఇప్పుడు పాత యూబ్లాక్ ఆరిజిన్ నడవదు, యూబ్లాక్ ఆరిజిన్ లైట్ ఒక్కటే వస్తుంది. అది మామూలు వాడకానికి బాగానే ఉంటుంది కానీ దాని లిస్టులు ఎక్స్‌టెన్షన్ అప్‌డేట్‌తోనే కొత్తవవుతాయి, విడిగా కావు. కంప్యూటర్‌లో కూడా ఫైర్‌ఫాక్సే మేలు.

యూబ్లాక్ ఆరిజిన్ సెట్టింగ్స్ ఉండే డ్యాష్‌బోర్డ్‌లో ఫిల్టర్ లిస్ట్స్ పేజీ తెరిస్తే ఈజీలిస్ట్, ఈజీప్రైవసీ లాంటివి ముందే టిక్ పెట్టి ఉంటాయి. మనం చేర్చాల్సింది ప్రాంతాలు, భాషల విభాగంలో ఉన్న ఇండియన్‌లిస్ట్. భారతీయ భాషల సైట్ల కోసం తయారైంది అది. అడ్డం వచ్చే పెట్టెలు చిరాకు పెడుతుంటే అనాయెన్సెస్ విభాగంలో ఒకటి చేర్చుకోండి. తర్వాత పైన "అప్లై చేంజెస్" నొక్కాలి. నొక్కకుండా బయటికొచ్చి "టిక్ పెట్టినా ఏం మారలేదు" అనేవాళ్లు ఎక్కువ.

సొంతంగా లైన్లు రాయడానికి మై ఫిల్టర్స్ పేజీ ఉంది. నాలుగు గుర్తులు తెలిస్తే చాలు. రెండు నిలువు గీతలతో మొదలుపెట్టి, సైట్ పేరు రాసి, చివర టోపీ గుర్తు పెడితే ఆ సైటూ దాని ఉపసైట్లూ అన్నీ ఆగుతాయి:

||చెడ్డసైట్.కామ్^

ముందు రెండు ఎట్ గుర్తులు చేరిస్తే అది అనుమతి:

@@||మంచిసైట్.కామ్^

రెండు హ్యాష్ గుర్తులు పేజీలో ఒక భాగాన్ని దాస్తాయి. ఆశ్చర్యార్థకంతో మొదలయ్యే లైను మీ గుర్తు కోసం రాసుకునేది, సాధనం దాన్ని పట్టించుకోదు. ప్రతి సొంత లైను పైనా ఆశ్చర్యార్థకం పెట్టి తేదీ, కారణం రాయండి. ఆరు నెలల తర్వాత "ఇది ఎందుకు పెట్టాను" అని తల పట్టుకోవాల్సిన పని ఉండదు. ఇక్కడ సైట్ పేర్లు చదవడానికి వీలుగా తెలుగులో రాశాం, మీరు అసలు పేరు ఇంగ్లిషులోనే కొట్టాలి.

స్కూలు ల్యాబ్‌లోనో నెట్ సెంటర్‌లోనో విండోస్ కంప్యూటర్లుంటే హోస్ట్స్ ఫైలు కూడా ఒక దారి. డీఎన్‌ఎస్‌ను అడిగేముందు కంప్యూటర్ చూసుకునే పేర్ల లిస్టు అది. సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ ఫోల్డర్‌లో ఉంటుంది. నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, లైనుకు 0.0.0.0, ఖాళీ, సైట్ పేరు రాయాలి. ఇక్కడ గుర్తుల పద్ధతి పనిచెయ్యదు, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్నదీ లేనిదీ రెండు లైన్లుగా రాయాలి. సేవ్ చేసేటప్పుడు చివర టీఎక్స్‌టీ అతుక్కుంటే ఫైలు పనిచెయ్యదు. నెట్‌లో లక్షల లైన్ల హోస్ట్స్ ఫైళ్లు దొరుకుతాయి. అవి ఎక్కిస్తే కొన్ని కంప్యూటర్లు నెమ్మదిస్తాయి. అంతకన్నా ముఖ్యమైంది, వాట్సాప్‌లో ఎవరో పంపిన హోస్ట్స్ ఫైలు ఎప్పుడూ ఎక్కించొద్దు. హ్యాష్ గుర్తుతో మొదలయ్యేవి తప్ప, సైట్లను ఆపే ప్రతి లైనూ 0.0.0.0 తోనో 127.0.0.1 తోనో మొదలవ్వాలి. వేరే నంబరు ముందుండి పక్కన బ్యాంకు పేరు ఉందంటే ఆ ఫైలు మిమ్మల్ని దొంగ పేజీకి తీసుకుపోవడానికి తయారుచేసింది.

యూట్యూబ్, ఫేస్‌బుక్ లోపల

యూట్యూబ్ ప్రకటనలు డీఎన్‌ఎస్‌తో ఆగవు. వీడియో వచ్చే సర్వర్ల నుంచే ప్రకటనా వస్తుంది, ఒకటి ఆపితే రెండూ పోతాయి. కానీ ఎలాంటి ప్రకటనలు రావాలో కొంతవరకు చెప్పొచ్చు. గూగుల్ ఖాతాలో మై యాడ్ సెంటర్ తెరిచి సెన్సిటివ్ అన్న చోటుకి పోతే మద్యం, గ్యాంబ్లింగ్, డేటింగ్ లాంటి అంశాలకు స్విచ్‌లుంటాయి. ఆపేయండి. పూర్తిగా పోవు కానీ తగ్గుతాయి. ఏదైనా చానెల్ వద్దనుకుంటే వీడియో పక్కన మూడు చుక్కల్లో "ఈ చానెల్ సిఫారసు చేయవద్దు" ఉంది.

చిన్నపిల్లల విషయంలో మా మాట వినండి: బ్లాక్ లిస్టును నమ్ముకోవద్దు, అనుమతి లిస్టు పెట్టండి. యూట్యూబ్ కిడ్స్‌లో "అనుమతించినవి మాత్రమే" అన్న పద్ధతి ఉంది. మీరు ఎంచిన చానెళ్లు తప్ప ఇంకేమీ రావు, వెతకడం కూడా కుదరదు. పదేళ్ల లోపు పిల్లలకు ఇంతకన్నా గట్టి ఏర్పాటు లేదు.

వాట్సాప్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ, గ్రూప్స్‌కి పోయి "మై కాంటాక్ట్స్" పెట్టుకుంటే తెలియనివాళ్లు మిమ్మల్ని "గ్యారంటీ టిప్స్" గ్రూపుల్లో చేర్చలేరు.

తెలుగు మాటలతో లిస్టు

ఊరి చానెల్ నడిపేవాళ్లకు, ఫేస్‌బుక్ పేజీ ఉన్నవాళ్లకు కామెంట్లలో మాటల లిస్టు కావాలి. యూట్యూబ్ స్టూడియో సెట్టింగ్స్‌లో బ్లాక్డ్ వర్డ్స్, ఫేస్‌బుక్ పేజీలో మోడరేషన్ కింద 1,000 మాటల వరకు రాసుకునే చోటు, ఇన్‌స్టాగ్రామ్‌లో హిడెన్ వర్డ్స్ ఉన్నాయి. ఇంగ్లిషుకు తయారైన ఈ పెట్టెలు తెలుగులో తడబడతాయి, ఆ తడబాటు తెలిసి రాసుకోవాలి.

కొన్ని పెట్టెలు మాటను పూర్తి మాటగానే పోల్చి చూస్తాయి. "బెట్టింగ్" అని రాస్తే "బెట్టింగ్‌లో", "బెట్టింగులు", "బెట్టింగోళ్లు" తప్పించుకుంటాయి. తెలుగులో విభక్తి మాటకే అతుక్కుంటుంది కదా. కాబట్టి ఒక మాటకు కనీసం నాలుగైదు రూపాలు ఎక్కించాలి. ఇక్కడే ఇంకో చిక్కుంది. "బెట్టింగ్" తర్వాత "లో" రాసేటప్పుడు కొన్ని కీబోర్డులు మధ్యలో కంటికి కనపడని అక్షరాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. పెట్టకపోతే గకు లావత్తు పడుతుంది: బెట్టింగ్లో. మనం రెండూ ఒకటే అని చదువుతాం, యంత్రానికి అవి రెండు వేరే మాటలు. రెండు రూపాలూ రాయండి. ఒకే ఫోన్‌లో టైపు చేస్తే రెండోది రాకపోవచ్చు, వచ్చిన కామెంట్ల నుంచే కాపీ చేసి అతికించడం మంచిది. పైగా సగం కామెంట్లు ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు. వాటి స్పెల్లింగులు మనిషికొకటి, అవి కూడా కామెంట్ల నుంచే ఏరుకోవాలి.

ఇంకొన్ని పెట్టెలు మాట లోపలి ముక్కను కూడా పట్టేస్తాయి. వాటిలో పొట్టి మాట పెడితే ప్రమాదం. లోన్ యాప్‌ల కామెంట్లు విసిగిస్తున్నాయని "లోన్" ఒక్కటే పెట్టారనుకోండి, "సైక్లోన్" అన్న మాట ఉన్న ప్రతి కామెంటూ మాయమైపోతుంది. కొత్తపట్నం, మైపాడు లాంటి తీరంలో తుపాను రోజుల్లో "సైక్లోన్ ఎక్కడిదాకా వచ్చింది, మా వాళ్లు వేటకు పోయారు" అని అడిగిన మనిషి కామెంట్ ఎవరికీ కనపడదు. అడిగిన మనిషికి అది ఆగిందని కూడా తెలియకపోవచ్చు. "బెట్" పెడితే "టిబెట్" పోతుంది, "బెట్టు చేస్తోంది" పోతుంది. ఒంటి మాట బదులు "ఇన్‌స్టంట్ లోన్", "లోన్ యాప్", "టిప్స్ కావాలంటే" లాంటి జంట మాటలు పెట్టండి. లిస్టు పెట్టిన మొదటి వారం రోజూ, ఆగిన కామెంట్ల పేజీ తెరిచి చూడండి. అక్కడ అమాయకమైనవి కనపడితే ఏ మాట పట్టిందో వెతికి తీసేయాలి.

అవసరమైంది ఆగిపోతే

ఏదో ఒకటి తప్పకుండా ఆగుతుంది. గూగుల్‌లో పైన వచ్చే ప్రాయోజిత లింకు నొక్కితే ఖాళీ పేజీ వస్తుంది. అది ప్రకటన సర్వర్ మీదుగా పోతుంది కాబట్టి ఆగింది, కింద ఉన్న మామూలు లింకు నొక్కితే చాలు. రైల్వే స్టేషన్ వైఫైకి కలిపితే ఓటీపీ అడిగే పేజీ రాకపోవచ్చు. మీరు లాగిన్ అయ్యేదాకా ఆ వైఫై బయటి డీఎన్‌ఎస్‌ను చేరనివ్వదు, ఫోనేమో మీరు పెట్టినదాన్ని తప్ప ఇంకోదాన్ని అడగదు. ప్రైవేట్ డీఎన్‌ఎస్‌ను కాసేపు ఆఫ్ చేసి, లాగిన్ అయ్యి, మళ్లీ వేసుకోవాలి. కొన్ని బ్యాంకు యాప్‌లు వీపీఎన్ కనపడితే తెరుచుకోవు. వీపీఎన్ రూపంలో పనిచేసే బ్లాకర్ యాప్‌ల కన్నా ప్రైవేట్ డీఎన్‌ఎస్‌ను ముందు చెప్పడానికి ఇదీ ఒక కారణం.

కారణం వెతికేటప్పుడు అన్నీ ఒకేసారి ఆపొద్దు, ఏది పట్టిందో తెలియదు. ముందు బ్రౌజర్‌లో ఆ ఒక్క సైట్‌కి యూబ్లాక్ ఆపి పేజీ మళ్లీ తెరవండి. అయినా రాకపోతే ప్రైవేట్ డీఎన్‌ఎస్ ఆఫ్ చేసి, ఏరోప్లేన్ మోడ్ ఒకసారి వేసి తీసి, మళ్లీ చూడండి. పాత జవాబు ఫోన్‌లో కాసేపు గుర్తుంటుంది, అందుకే ఈ ఏరోప్లేన్ మోడ్. అప్పుడు వచ్చిందంటే డీఎన్‌ఎస్ లిస్టే పట్టింది. నెక్స్ట్‌డీఎన్‌ఎస్ అయితే లాగ్స్‌లో ఆ నిమిషంలో ఆగిన పేర్లు కనపడతాయి. ఆ సైట్‌కి సంబంధించిన ఒక్క పేరే అనుమతి లిస్టులో చేర్చండి. విసిగిపోయి మొత్తం లిస్టు తీసేయడం చాలా ఇళ్లలో జరుగుతుంది, ఒక్క పేరు వదిలితే సరిపోయేదానికి.

డబ్బు పోయిన సంగతైతే లిస్టులు తర్వాత. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపడానికి అంత అవకాశం.

తెలుగు సైట్లలో తప్పిపోయినవి

ఈ లిస్టులు చూసే వాలంటీర్లలో తెలుగు చదవగలిగేవాళ్లు తక్కువ. అందుకే ఇంగ్లిషు సైట్ శుభ్రంగా కనపడిన ఫోన్‌లోనే తెలుగు వార్తల సైట్‌లో ప్రకటనలు మిగిలిపోతుంటాయి. వాటిని చెబితేనే చేరతాయి. యూబ్లాక్ పెట్టెలో ఫిర్యాదు గుర్తు ఉంది, ఇండియన్‌లిస్ట్‌కు గిట్‌హబ్ అనే సైట్‌లో ఫిర్యాదులు రాసే పేజీ ఉంది. రాసేటప్పుడు పేజీ పూర్తి చిరునామా ఇవ్వండి, హోమ్ పేజీది సరిపోదు. ప్రకటన చుట్టూ గీత గీసిన స్క్రీన్‌షాట్, మీ బ్రౌజర్ పేరు, టిక్ పెట్టుకున్న లిస్టుల పేర్లు చేర్చండి. తెలుగు బటన్ మీద ఏం రాసి ఉందో, నొక్కితే ఎక్కడికి పోతుందో ఇంగ్లిషులో ఒక వాక్యం రాయండి. అవతలివాళ్లకు ఏది ప్రకటనో ఏది వార్తో చూసి తెలుసుకునే దారి అదొక్కటే.